టార్డెబిగ్ 30 లాకులు: నారోబోట్‌తో కొండెక్కడం ఎలా?

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన, బ్రామ్స్‌గ్రోవ్ దగ్గర టార్డెబిగ్ అనే చిన్న పల్లె ఉంది. వూస్టర్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్ళే కాలువ ఆ పల్లె చేరేలోపు ఏకంగా 30 లాకులు ఎక్కుతుంది. రెండుంపావు మైళ్ళ దూరం, 220 అడుగుల ఎత్తు. బ్రిటన్‌లో ఇంతకంటే పెద్ద లాకుల వరస లేదు. ఇలాంటి వరసను అక్కడ ఫ్లైట్ అంటారు.

బ్రిటన్‌లో నాకు తెలిసిన తెలుగు కుటుంబాలు కొన్ని నారోబోట్, అంటే అక్కడి కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ, అద్దెకు తీసుకోవాలని సరదా పడతాయి. తీరా దారిలో లాకులున్నాయని తెలిసేసరికి వెనక్కి తగ్గుతాయి. తగ్గక్కర్లేదు. అద్దె పడవ నడపడానికి లైసెన్స్ అవసరం లేదు. ఎలా నడపాలో పడవ ఇచ్చేవాళ్ళే బయల్దేరే ముందు చూపిస్తారు. ఆ కాసేపట్లో చెప్పడానికి వీలుకానివన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం మొదట్లోనే చెప్పాలి. లాకుల దగ్గర కొత్తవాళ్ళ ధ్యాసంతా తెరవడం మీదే ఉంటుంది. నిజానికి పనంతా మూయడంలో ఉంది. వెనక ఉన్నది మూసుకుందో లేదో చూడకుండా ముందున్నదాన్ని ముట్టుకోకపోతే సగం ప్రమాదాలు అక్కడే ఆగిపోతాయి.

లాకు ఎలా పనిచేస్తుంది

ధవళేశ్వరంలోనో విజయవాడలోనో లాకులు చూసినవాళ్ళకు ఈ సూత్రం తెలిసిందే. రెండు చివరలా గేట్లున్న రాతి తొట్టిలోకి పడవ వెళ్తుంది. నీళ్ళు నింపితే పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. తేడా ఏమిటంటే, మన దగ్గర ఆ పని లస్కర్లు చూసేవాళ్ళు. ఇక్కడ గేటు తోయడం దగ్గర్నుంచి అన్నీ మనమే చేసుకోవాలి.

నారోబోట్ వెడల్పు 7 అడుగుల లోపే, మామూలుగా 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉంటుంది. టార్డెబిగ్ లాకుల్ని సరిగ్గా ఆ కొలతకే కట్టారు. ఒకసారికి ఒక పడవే పడుతుంది, పక్కల మిగిలే సందు అంగుళాల్లోనే.

పై చివర ఒకే గేటు ఉంటుంది. కింది చివర రెండు రెక్కలు, పై నీటికి ఎదురుగా కోణంలో కలుస్తాయి. నీళ్ళ ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. అందుకే గేటుకు రెండు వైపులా నీటిమట్టం సమానమైతే తప్ప ఎంత బలవంతుడు తోసినా అది కదలదు. నీళ్ళు రావడానికి, పోవడానికి చిన్న షట్టర్లుంటాయి. వీటిని ప్యాడిల్ అంటారు. పై చివరవి గట్టు కింద తూముల్లోంచి లాకులోకి నీళ్ళు వదులుతాయి. కింది చివరవి గేటుకే అమర్చి ఉంటాయి. ప్యాడిల్‌ను ఎత్తడానికి, దించడానికి వంపు తిరిగిన ఇనుప హ్యాండిల్ ఒకటి ఇస్తారు, దాని పేరు విండ్‌లాస్.

ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోండి. రెండు లాకుల మధ్య ఉండే కాలువ ముక్క పేరు పౌండ్. పై గేటు కింద, లాకు లోపలికి పొడుచుకొచ్చిన రాతి గడప పేరు సిల్. ఎక్కేటప్పుడు ఈ గడపతో పెద్ద గొడవ ఉండదు. దిగేటప్పుడు మాత్రం అన్నిటికంటే భయపడాల్సింది దానికే.

బయల్దేరే ముందు

ఈ ఫ్లైట్ మొదలెడితే పైదాకా వెళ్ళిపోవడమే. మధ్యలో పడవ కట్టేసి రాత్రికి ఉండిపోదామంటే కుదరదు. అందుకని ముందురోజు సాయంత్రమే అడుగున, స్టోక్ పౌండ్ దగ్గర పడవ కట్టుకోండి. అక్కడ పబ్ కూడా ఉంది. పొద్దున తొందరగా మొదలెడితే చెయ్యి తిరిగినవాళ్ళు నాలుగు గంటల్లో ఎక్కేస్తారు, కొత్తవాళ్ళకు ఐదారు గంటలు పడుతుంది. మైళ్ళూ లాకులూ కలిపి మూడుతో భాగిస్తే ఎన్ని గంటలు పడుతుందో వస్తుందని ఒక వాడుక లెక్క ఉంది. ఇక్కడ ఆ లెక్క వేస్తే పది గంటలు దాటి వస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. లాకులు ఇంత దగ్గరగా ఉన్నచోట ఒకరు ముందు నడిచి తర్వాతి లాకు సిద్ధం చేసేస్తారు కాబట్టి పని చాలా వేగంగా సాగుతుంది.

కాలువ బాగోగులు చూసే సంస్థ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. మరమ్మతులకు లాకులు మూసే రోజుల్ని వాళ్ళ వెబ్‌సైట్‌లో పెడతారు. చలికాలంలో ఈ మూతలు ఎక్కువ. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

మనుషులు ముగ్గురుంటే హాయి: పడవ నడిపే సరంగు ఒకరు, లాకు దగ్గర ఒకరు, ముందు నడిచేవారు ఒకరు. ఇద్దరితో కూడా అవుతుంది, కాకపోతే అలసట ఎక్కువ. విండ్‌లాస్‌లు కనీసం రెండు, వీలైతే మూడు అడిగి తీసుకోండి. చెయ్యి జారి నీళ్ళలో పడితే మళ్ళీ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. బూట్లు జారనివై ఉండాలి. పాత తాళ్ళు, ఇనుము పట్టుకునేది రోజంతా కాబట్టి గ్లవ్స్ ఉంటే చేతులు బొబ్బలెక్కవు. దారిలో అంగళ్ళేమీ తగలవు. పొద్దున్నే పులిహోర కలిపి పొట్లాలు కట్టుకుంటే, లాకు నిండేలోపు నిలబడే తినేయొచ్చు.

పిల్లలకు లైఫ్‌జాకెట్ వేయకుండా పడవ దిగనివ్వొద్దు. లాకు అంచున పరుగులు అసలే వద్దు, ఆ రాళ్ళు నాచు పట్టి ఉంటాయి. పెద్దవాళ్ళు వస్తే గట్టు దారిన మెల్లగా నడుస్తూ రావచ్చు. రెండుంపావు మైళ్ళే కదా, పడవకంటే వాళ్ళే ముందు చేరతారు.

మొదటి లాకు: అడుగడుగునా

అడుగు లాకు నంబరు 29. వూస్టర్ నుంచి లెక్క కాబట్టి ఇక్కడ 29తో మొదలై పైన 58తో ముగుస్తుంది.

మొదటి పని చూడటం. లాకు కొద్ది దూరంలో ఉండగానే ఒకరు విండ్‌లాస్ తీసుకుని గట్టు మీదికి దిగి నడిచి వెళ్ళాలి. పై నుంచి ఎవరైనా వస్తున్నారా? లాకు నిండి ఉందా, ఖాళీగా ఉందా? నిండి ఉండి, పై నుంచి పడవ వస్తుంటే ఆ లాకు వాళ్ళది. వాళ్ళు దిగాక ఖాళీ లాకు మీకు సిద్ధంగా దొరుకుతుంది. వాళ్ళ మొహం మీదే లాకు ఖాళీ చేయడం మర్యాద కాదు. పైగా అది సుమారు లక్ష లీటర్ల నీళ్ళు వృథా చేయడం.

ఎవరూ రావడం లేదు, లాకు నిండి ఉంది అనుకుందాం. ముందు పై చివరకు నడవండి. పై గేటు పూర్తిగా మూసి ఉందా, పై ప్యాడిళ్ళు రెండూ దిగి ఉన్నాయా చూడండి. అప్పుడు కిందికొచ్చి కింది ప్యాడిళ్ళు ఎత్తండి. నీళ్ళు బయటికి ఉరుకుతాయి. ఆ తోపుకు పడవ ఊగిపోతుంది కాబట్టి సరంగు దాన్ని బాగా వెనక్కి ఉంచాలి.

ప్యాడిల్ ఎత్తడం దగ్గర కాస్త ఆగి చెప్పాలి. విండ్‌లాస్ రంధ్రాన్ని ఇనుప మొనకు పూర్తిగా తొడగండి. సగం తొడిగితే జారుతుంది. తిప్పుతుంటే పళ్ళచక్రం మీద ఒక చిన్న ఇనుప నాలుక టకటకమంటూ పంటికో పన్ను దాటుతుంది. ప్యాడిల్ కిందికి జారకుండా ఆపేది ఆ నాలుకే. పూర్తిగా లేచాక నాలుక పంటిలో కూర్చుందో లేదో కళ్ళతో చూసి, ఆ తర్వాతే చెయ్యి వదలండి. వదిలిన వెంటనే విండ్‌లాస్ తీసేయండి. దాన్ని మొనకే వదిలేసినప్పుడు నాలుక జారిందంటే, హ్యాండిల్ గిర్రున తిరిగి ఎవరి చెయ్యో, దవడో పగలగొడుతుంది. దించేటప్పుడు కూడా నాలుకను ఎత్తి పట్టుకుని చేత్తో తిప్పుతూ దించాలి. ధబీమని వదిలేస్తే వందల ఏళ్ళ కాలువ సామాను పాడవుతుంది.

మట్టాలు కలిశాక కింది గేట్లు తెరవండి. గేటుకు పొడవాటి దూలం ఉంటుంది. చేతులతో తోయకుండా దానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి వాలండి. అడుగు జారకుండా అక్కడ నేలలో ఇటుకలు వరసగా ఎత్తి పేర్చి ఉంటాయి. ఆ వరసే మీకు దారి. గేటు కదలకపోతే ఇంకా మట్టం కలవలేదన్నమాట. అర నిమిషం ఆగి మళ్ళీ వాలితే, నీటి మీద సుడులు అణగగానే అదే మెత్తగా వచ్చేస్తుంది. దూలం తిరిగే దారిలో ఎవర్నీ నిలబడనివ్వకండి.

ఇప్పుడు సరంగు పని. దూరం నుంచే పడవను లాకు నోటికి తిన్నగా పెట్టుకుని, ఇంజను బాగా తగ్గించి రావాలి. నారోబోట్‌ను వెనక నుంచి తిప్పుతాం కాబట్టి ముక్కు ఎటు పోతోందో కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. రివర్స్‌లో ఉండగా చుక్కాని మాట వినదు. గోడకు తగిలితే తగలనివ్వండి, చేత్తోనో కాలితోనో ఆపబోవద్దు. పడవ బరువు 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది, మధ్యలో చిక్కిన చెయ్యి నుజ్జవుతుంది. కాళ్ళూ చేతులూ తలలూ పడవ అంచు దాటి బయటికి రాకూడదన్న నియమం అందరికీ ముందే చెప్పండి.

పడవ లోపలికి వచ్చాక కింది గేట్లు రెండూ మూయండి, కింది ప్యాడిళ్ళు రెండూ దించండి. దించానని గుర్తుండటం చాలదు. పై ప్యాడిల్ దగ్గరికి వెళ్ళే ముందు వెనక్కి తిరిగి చూడండి. కింది ప్యాడిల్ ఒకటి తెరిచి ఉండగా పైవి ఎత్తితే నీళ్ళు ఇటునుంచి వచ్చి అటునుంచి పోతుంటాయి. లాకు నిండదు, పై పౌండ్ మాత్రం దిగిపోతుంది.

పై ప్యాడిల్ సగమే ఎత్తి సరంగు వైపు చూడండి. నీళ్ళు రాగానే పడవ ఒకసారి వెనక్కి, తర్వాత ముందుకు లాగుతుంది. కొందరు సరంగులు ముక్కును మెల్లగా గడపకు ఆనించి, ఇంజను ఫార్వర్డ్‌లో సన్నగా ఉంచుతారు. ఇంకొందరు గేటుకు దూరంగా మధ్యలో ఆపి ఉంచుతారు. 70 అడుగుల పడవలో ఆ రెండో పద్ధతికి చోటే మిగలదు. ఏ పద్ధతైనా ముక్కున ఉన్న ఫెండర్, అంటే దెబ్బ తగలకుండా కట్టే మెత్త, గేటు దూలాల కింద ఇరుక్కోకుండా జారుతూ పైకి రావాలి. దాని మీద ఒకరు కన్నేసి ఉండాలి. పడవ నిలకడగా ఉందని సరంగు బొటనవేలు చూపిస్తే అప్పుడు పూర్తిగా ఎత్తండి. వేరే కాలువల్లో పై గేటుకే ప్యాడిల్ ఉన్న లాకులు తగులుతాయి. అక్కడ గడప నీళ్ళలో మునిగేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ముందే ఎత్తితే ఆ ధార తిన్నగా పడవ ముక్కులోకి దూకుతుంది. గేటు సందుల్లోంచి ఎలాగూ నీళ్ళు చిమ్ముతాయి కాబట్టి పడవ ముందువైపు తలుపు మూసి ఉంచడం మంచిది.

లాకు నిండింది, పై గేటు తెరుచుకుంది, పడవ బయటికొచ్చింది. ఇంకా అయిపోలేదు. పై గేటు మూయాలి, పై ప్యాడిళ్ళు దించాలి. ఎదురుగా పడవ వస్తుంటే మాత్రం గేటు తెరిచే ఉంచండి, వాళ్ళు తిన్నగా లోపలికి వచ్చేస్తారు.

ఇక 29 మిగిలాయి

రెండో లాకు నుంచి పని ఒక తాళంలో పడుతుంది. సరంగు పడవతో లాకులో ఉండగా ముందు నడిచేవారు తర్వాతి లాకుకు వెళ్ళి దాన్ని ఖాళీ చేసి గేటు తెరిచి పెడతారు. మూడోవారు వెనక మూసి వస్తారు. ఒక్క లాకే ముందుండండి, మహా అయితే రెండు. ఉత్సాహం కొద్దీ నాలుగైదు ఖాళీ చేసుకుంటూ పోతే, పై నుంచి వచ్చేవాళ్ళు అవన్నీ మళ్ళీ నింపుకోవాలి. ఆ నీళ్ళన్నీ కొండమీది నుంచి రావాల్సిందే. ఎగువ లాకుల పక్కన కనిపించే పెద్ద జలాశయం కాలువ పైమట్టం కంటే దిగువన ఉంది. అందులోంచి నీళ్ళు పైకి తోడటానికి ఆ రోజుల్లో ఆవిరి ఇంజను పెట్టాల్సి వచ్చింది. ఈ కాలువలో నీళ్ళు ఎప్పుడూ ఖర్చుతో కూడినవే.

ఇక్కడి పౌండ్లు చాలా పొట్టివి. అదే ఈ ఫ్లైట్‌లోని అసలు కిటుకు. మీరు ఎక్కే ప్రతి లాకూ పై పౌండ్ నుంచే నీళ్ళు తీసుకుంటుంది. ఆ పౌండ్ అప్పటికే తక్కువగా ఉంటే, తీరా అందులోకి వెళ్ళాక పడవ బురదలో కూర్చుంటుంది. ముందు నడిచేవారు గేట్లనే కాదు, పౌండ్ అంచున రాళ్ళ మీది తడి గీతను కూడా చూస్తుండాలి. నీళ్ళు ఆ గీతకు బాగా కిందికి ఉంటే ఎక్కడో ఎవరో ప్యాడిల్ దించడం మరిచారనే అర్థం. ఆ లాకు వెతికి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. పౌండ్ పూర్తిగా ఎండి ఉంటే పై నుంచి నీళ్ళు వదిలే ప్రయత్నం మీరే చేయకుండా ట్రస్ట్‌కు ఫోన్ చేయండి.

ఎదురుపడే పడవ మీకు వరం. వాళ్ళు ఖాళీ చేసిన లాకు మీకు, మీరు నింపిన లాకు వాళ్ళకు. పౌండ్‌లో కుడివైపుకు జరిగి దారివ్వండి. పైన ఎన్ని పడవలున్నాయి, ఏ పౌండ్‌లో నీళ్ళు తక్కువ అని వాళ్ళను అడగండి. ఆ నిమిషం మాట్లాడితే గంట కలిసొస్తుంది.

ఐదారు లాకులకోసారి పనులు మార్చుకోండి. అలసిపోయిన మనిషే వెనక్కి చూడటం మానేస్తాడు. నా లెక్కలో మరీ జాగ్రత్త పడాల్సింది మొదటి లాకులో కాదు, ఇరవై దాటాక.

58వ లాకు

ఆఖరిది మిగతావాటిలా ఉండదు. అవి తలా 7 అడుగులు ఎక్కిస్తే ఇది ఒక్కటే సుమారు 14 అడుగులు ఎక్కిస్తుంది. అసలిక్కడ జాన్ వుడ్‌హౌస్ అనే ఇంజనీరు పడవల్ని నిలువునా ఎత్తే లిఫ్ట్ పెట్టి 1808లో పరీక్షించాడు. రోజువారీ రాకపోకలకు అది తట్టుకోదనిపించి, దాని చోట ఈ లోతైన లాకు కట్టారు. 1815 నాటికి వూస్టర్ దాకా కాలువ పూర్తయింది.

లోపల నిలబడితే తడి గోడలు తల మీద దాకా లేచి ఉంటాయి. పైన ప్యాడిల్ దగ్గరున్న మనిషి సరంగుకు కనబడరు, ఇంజను చప్పుడులో కేక వినబడదు. అందుకే ఒక మనిషిని ఇద్దరికీ కనబడేలా అంచుకు కాస్త వెనగ్గా నిలబెట్టి సైగలు ముందే అనుకోండి: బొటనవేలు పైకెత్తితే కానివ్వండి, రెండు చేతులు అడ్డంగా పెడితే ఆపండి. ప్యాడిల్ పావు వంతుతో మొదలెట్టండి.

దిగేటప్పుడు

బర్మింగ్‌హామ్ వైపు నుంచి వస్తే ఇదంతా తిరగేయాలి: నిండిన లాకులోకి పడవ వెళ్తుంది, పై గేటు, పై ప్యాడిళ్ళు మూస్తారు, కింది ప్యాడిళ్ళు ఎత్తుతారు. దిగడం నెమ్మదిగా, సాఫీగా ఉంటుంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది, ఎందుకంటే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నిండుగా ఉన్నప్పుడు గడప నీళ్ళలో మునిగి ఉంటుంది. పడవ వెనక భాగం దాని మీదే ఉండిపోతే, మట్టం దిగుతున్నకొద్దీ వెనక భాగం రాయి మీద ఆగిపోతుంది, ముక్కు మాత్రం దిగిపోతుంది. నిమిషాల్లో ముందు నుంచి నీళ్ళు ఎక్కి పడవ మునిగిపోతుంది. గడప ఎక్కడిదాకా ఉందో లాకు అంచున తెల్ల గీతో, గుర్తో ఉంటుంది. చుక్కానితో సహా పడవ మొత్తం ఆ గీతకు ముందు ఉండాలి, లాకు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉండాలి. సరంగు చూపు ముందుకంటే ఆ గీత మీదే ఎక్కువ ఉండాలి. దిగేటప్పుడు పడవను తాడుతో గట్టిగా కట్టేయడం కూడా అంతే ప్రమాదం, తాటికి వేలాడిపోతుంది. తాడు వాడితే గుంజకు ఒక చుట్టు చుట్టి, కొస చేతిలో పట్టుకుని వదులుతూ ఉండాలి.

ఏదైనా తేడా వస్తే

ఏం జరిగినా మొదటి పని ఒక్కటే: తెరిచి ఉన్న ప్యాడిళ్ళన్నీ మూసేయడం. కారణం తర్వాత వెతకొచ్చు. దిగుతూ పడవ గడప మీద చిక్కితే కింది ప్యాడిళ్ళు మూసి, పైవి మెల్లగా ఎత్తి లాకు మళ్ళీ నింపండి. ఎక్కుతూ ఫెండర్ ఇరుక్కుని ముక్కు కిందికి లాగుతుంటే పైవి మూసి, కిందివి ఎత్తి మట్టం తగ్గించండి. మనిషి నీళ్ళలో పడితే ప్యాడిళ్ళన్నీ మూసి, ఇంజను వెంటనే న్యూట్రల్ చేసి ఆపేయండి. వెనక తిరిగే ప్రొపెల్లర్ నీళ్ళకంటే ప్రమాదం. తాడు విసిరి నిచ్చెన వైపు లాగండి, కాపాడటానికి ఇంకొకరు దూకొద్దు. ఈ మూడూ పడవలో ఉన్న ప్రతి ఒక్కరికీ, పదేళ్ళ పిల్లలకు కూడా, బయల్దేరే ముందే చెప్పి ఉంచండి.

పైకి చేరాక

58వ లాకు దాటాక పడవ కట్టుకుని విశ్రాంతి తీసుకోండి. కొండమీది చర్చి శిఖరం అక్కణ్ణుంచి కనబడుతుంది. కాలువల గురించి రాసిన రచయిత టామ్ రోల్ట్, క్రెస్సీ అనే తన పడవలో 1941 నుంచి 1946 దాకా ఉన్నది ఈ టార్డెబిగ్‌లోనే. 1945లో రాబర్ట్ ఐక్‌మన్ అనే ఇంకో రచయిత ఆయన్ను వెతుక్కుంటూ ఇక్కడికొచ్చాడు. ఆ కలయిక నుంచే మరుసటి ఏడు ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. సరుకు రవాణా తగ్గి కాలువలు పూడిపోతున్న రోజుల్లో వాటిని కాపాడాలని పోరాడింది ఆ సంఘమే. ఇవాళ మనం సెలవులకు ఈ నీళ్ళ మీద తిరుగుతున్నామంటే అందులో వాళ్ళ వాటా చాలా ఉంది.

తర్వాత టార్డెబిగ్ సొరంగం వస్తుంది, 580 గజాలు. హెడ్‌లైట్ వేసుకుని వెళ్ళాలి. అక్కణ్ణుంచి బర్మింగ్‌హామ్ నడిబొడ్డున గ్యాస్ స్ట్రీట్ దాకా దాదాపు 14 మైళ్ళు ఒక్క లాకూ లేదు. దారిలో వాస్ట్ హిల్స్ సొరంగం మాత్రం 2,726 గజాలు, దాటడానికి అరగంట పైగా పడుతుంది, స్వెటర్లు దగ్గర పెట్టుకోండి. విండ్‌లాస్‌లు లెక్కపెట్టి లోపల పెట్టేయండి గానీ, మరీ అడుగున దాచొద్దు. గ్యాస్ స్ట్రీట్ దాటి ఉత్తరానికి, ఫేజ్‌లీ వైపు వెళ్ళాలనుకుంటే ఫార్మర్స్ బ్రిడ్జ్ దగ్గర 13 లాకులు దిగాలి.